గురప్ప బండి పెట్టిన నమస్కారం

ఆరింటికి పుంగనూరు వదలాలి, తొమ్మిదిన్నరకల్లా కుప్పం చేరాలి, భార్యను బామ్మర్ది గేటు ముందు దింపాలి, తాను మాత్రం బండిలోంచి కాలు కింద పెట్టకూడదు. ఆ ఉదయానికి మెకానిక్ గురప్ప వేసుకున్న ప్లాను ఇది.

కాలు పెట్టకపోవడానికి కారణం ఉంది. మూడేళ్ల కిందట బామ్మర్ది గంగులప్ప తన కూతురు నీలిమ పెళ్లిలో, ఇంటల్లుడికి బట్టలు పెట్టడం మరిచిపోయాడు. గురప్ప విస్తరి ముందు నుంచి లేచొచ్చేశాడు. "వాడొచ్చి పిలిస్తేనే మాట్లాడేది" అని ఇతను, "బావ తలొంచితేనే పిలిచేది" అని అతను. నడుమ నలిగింది గురప్ప భార్య యశోదమ్మ. ఇవాళ నీలిమ సీమంతం. చిన్నప్పుడు ఆ పిల్లను చంకనేసుకుని పెంచిన మేనత్త, మొదటి గాజు ఆమే తొడగాలి. కానీ నడుములో డిస్కు జారింది, బస్సు ఎక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

భార్య కళ్లనీళ్లు చూడలేని గురప్ప పాత వ్యానుకు ముందువైపు గాలి సస్పెన్షన్ తయారుచేశాడు. గాలితిత్తిని నిలువుగా పెడదామంటే ఇంజను పక్కన చోటు లేదు. అందుకని ఏతాం పద్ధతి పట్టాడు. కమ్మీకి ఒక కొసన చక్రం, నడుమ ఇరుసు, రెండో కొస కింద గాలితిత్తి. చక్రం ఎగిరితే రెండో కొస తిత్తిని నొక్కుతుంది, కుదుపంతా గాలే మింగుతుంది. బంపరు కింద ఒక చిన్న కడ్డీ కూడా పెట్టాడు. దాన్ని ముందుకు లాగితే వాల్వు తెరుచుకుని, గాలి పోయి బండి ముందుభాగం వంగుతుంది, యశోదమ్మ సులువుగా ఎక్కుతుంది. వదిలేస్తే కంప్రెసరు మళ్లీ లేపుతుంది. దీనికి నాలుగు నెలలు, పదకొండు డ్రాయింగులు పట్టాయి.

ఆ కడ్డీ యశోదమ్మకు బాగా నచ్చింది. బయల్దేరే ముందు ఏడు నిమ్మకాయలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు, ఎర్రగుడ్డలో మూటగట్టిన టెంకాయ దానికి వేలాడదీసింది. కొత్త హంగు చేసిన బండికి దిష్టి తగలకూడదు కదా.

ఊరి చివర ఓబులేసు టీ అంగడి ముందు స్పీడు బ్రేకరు. గురప్ప బ్రేకు తొక్కాడు. టెంకాయ ముందుకు ఊగి కడ్డీని లాగింది, బండి ఓబులేసుకు వంగి నమస్కారం పెట్టింది. ఓబులేసు కంగారుగా గ్లాసులు కింద పెట్టి చేతులు జోడించాడు.

"యాలన్నా నాకు నమస్కారం? నేనేం చేసినాను?"

"నీకు కాదప్పా. వాల్వు కొత్తది, సర్దుకుంటాది."

గురప్ప దిగి ఇరుసు బిగించాడు, తిత్తిని తడిమి చూశాడు. మొహానికి అడ్డొచ్చిన టెంకాయను కళ్లకద్దుకుని, మళ్లీ ఎక్కడిదక్కడే వదిలాడు. దేవుడి వస్తువును అనుమానించే అలవాటు ఆ వంశంలో లేదు.

గంగవరం దగ్గర మేకలు అడ్డొచ్చాయి. సరిగ్గా అక్కడే మునస్వామి అనే చిన్న నాయకుడు తన పెద్ద నాయకుడి కోసం దండలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. బండి వెళ్లి అతని ముందు వంగింది.

"ఇంత మర్యాద తెలిసినోళ్లు మన పార్టీలోనే ఉండల్ల" అని మునస్వామి గురప్ప మెడలో కండువా, బండికి దండ వేసి ఫోటో తీయించాడు.

"నేను ఏ పార్టీ కాదప్పా, మెకానిక్కుని."

"ఆ అణకువే కావల్ల మాకు."

ఆ ఫోటో గ్రూపుల్లో పడి బండికంటే ముందే కుప్పం చేరింది. గంగులప్ప అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, బావ దారి పొడుగునా అందరికీ వంగి దండాలు పెట్టుకుంటా వస్తాండాడంట. మనసు మారిందా?"

"వస్తాండాము కదా, నువ్వే సూడు" అని యశోదమ్మ ఫోన్ పెట్టేసింది.

గురప్పకు ఆ మాటలు వినబడ్డాయి. "బ్రేకు తొక్కితేనే వంగుతాండాది. వాని గేటుకాడ తొక్కనంటే తొక్కను. గేర్ల మీదనే ఆపుతా."

"నీ ఇష్టమప్పా. నా నడుము మాత్రం ఒక్కసారి కూడా కలుక్కుమనలే."

ఆ ఒక్క మాటకు గురప్ప నాలుగు నెలల కష్టం మరిచిపోయాడు.

గేటు ముందు గంగులప్ప, అతని వెనక చుట్టాలంతా నిలబడి ఉన్నారు. గురప్ప గేరు తగ్గించాడు. బండి మెత్తగా నెమ్మదించింది. అప్పుడే నీలిమ, నిండు కడుపుతో, "అత్తా" అంటూ ఎదురొచ్చేసింది. గురప్ప రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. బంపరు నేలకు ఆనేదాకా బండి సాష్టాంగపడింది.

గంగులప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. పరుగున వచ్చి తలుపు తీశాడు. "తప్పు నాది బావా. బట్టలు మరిచింది నేను, తలొంచింది నువ్వా?"

"అది వాల్వు..." అని గురప్ప నోరు తెరిచేసరికి యశోదమ్మ అతని చేతిని గట్టిగా నొక్కింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ నొక్కుడుకు అర్థం అతనికి తెలియనిది కాదు.

"పోనీలే గంగులప్పా" అని కాలు కింద పెట్టాడు.

గంగులప్ప లోపలికి పోయి కొత్త పంచె తెచ్చి బావ భుజం మీద కప్పాడు. పెళ్లయిన మర్నాడే కొని, మూడేళ్లుగా బీరువాలో దాచిన పంచె అది. మొదటి గాజు యశోదమ్మే తొడిగింది.

భోజనాలయ్యాక గురప్ప కొత్త పంచెతోనే బండి కిందికి దూరి, కడ్డీకి వేలాడుతున్న టెంకాయను చాలాసేపు చూశాడు.

"ఈడ కట్టింది నువ్వేనా యశోదా?"

"కొక్కెం బాగుండాదని కట్టినా. విప్పేదా?"

అంతలో గంగులప్ప వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. టెంకాయను, కడ్డీని, బావ మొహాన్ని వరసగా చూశాడు. ఇరవై ఏళ్లు లారీలు తిప్పినవాడు, సంగతి అర్థమైపోయింది. కోప్పడలేదు, నవ్వలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"బావా, సదుంలో మా పెద్ద వియ్యంకుడితో మాటల్లేక ఆర్నెల్లయింది. నా కారుకూ ఇట్లాంటిది పెట్టియ్యి."

గురప్ప టేపు తీసి కారు కొలతలు రాసుకున్నాడు. టెంకాయ మాత్రం యశోదమ్మ చేత్తోనే కట్టించుకోమన్నాడు.