భానోజీ కాళ్ళకు చిలుము

వీడియోగేముల్లోకి వెళ్ళిపోయిన మనుషుల కాళ్ళకు చిలుము పట్టగానే మునిసిపాలిటీవాళ్ళు ఇంటికి నోటీసు పంపిస్తారు. కాకినాడలో సత్యవేణికి ఆ నోటీసు ముసురు పట్టిన రోజుల్లో వచ్చింది. లోపలున్నది ఆమె తమ్ముడు భానోజీ.

డిగ్రీ పరీక్ష తప్పిన రోజున భానోజీ గేముల షాపుకి వెళ్ళి, ఆడుతూ ఆడుతూ మిషన్లోకి వెళ్ళిపోయాడు. ఆ ఏడు ఆ వీధిలో ఇంకొందరూ అలాగే వెళ్ళారు కాబట్టి ఎవరూ పెద్దగా వింతపడలేదు. తర్వాత కొన్నేళ్ళకి షాపు మూసేస్తూ యజమాని మిషన్లలోంచి సర్క్యూట్ బోర్డులు విప్పి, ఎవరి మనిషిని వాళ్ళకి అప్పగించాడు. సత్యవేణి ఆ బోర్డుని పాత నేతచీరలో చుట్టి బీరువాలో పెట్టుకుంది. పండగలకి తీసి టీవీకి తగిలించేది. తెరమీద తమ్ముడు గోతులు దూకుతూ, పీతల్ని తొక్కుతూ హడావిడిగా వెళ్ళిపోతుండేవాడు. ఒక్కసారీ ఇటు తిరిగి చూడలేదు.

నోటీసులో రాసిన, బోర్డులు శుభ్రం చేసే సెంటర్లో జెస్సీరాణి అనే మెకానిక్ బోర్డుని లైటు కింద పెట్టి చూసింది.

"బ్యాటరీ కారిందండి. దాన్ని కత్తిరించి తీసెయ్యాలి. పచ్చగా పేరుకున్నచోట కాస్త వెనిగర్ అద్ది, తర్వాత స్పిరిట్‌తో మెత్తటి బ్రష్షు పెట్టి తుడుస్తాను. పూర్తిగా ఆరేదాకా కరెంటివ్వకూడదు. ఈ చిప్పు మీద స్టిక్కరు ఎప్పుడైనా పీకారా?"

"లేదండి."

"బతికించారు. దాని కింద చిన్న గాజుకన్ను ఉంటుంది. దానికి ఎండ తగులుతుంటే లోపలున్నవాళ్ళు మెల్లగా అంతా మర్చిపోతారు. సరే, మనిషి లోపలుండగా వెనిగర్ పెట్టకూడదు. ముందు బయటికి తియ్యాలి."

"ఎలాగండి?"

"చంపెయ్యాలి. ఉన్న ప్రాణాలన్నీ. సొంతవాళ్ళ చేత్తోనే చెయ్యాలని రూలండి."

జెస్సీరాణి బోర్డుని తెరకి తగిలించి, ఆట ఆడించే కర్ర ముందు పెట్టింది. సత్యవేణి జీవితంలో ఆ కర్ర పట్టుకుని ఎరగదు. మొదటి రెండు ప్రాణాలూ ఆట రాకనే పోయాయి. చివరి ప్రాణంతో భానోజీ గోతి అంచున ఆగి, మొట్టమొదటిసారి అక్కవైపు తిరిగాడు. వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె కర్రమీంచి చెయ్యి తీసేసింది.

"చిలుము మోకాళ్ళు దాటితే ఇంక మనకి దక్కరండి," అంది జెస్సీరాణి నెమ్మదిగా.

సత్యవేణి కళ్ళు మూసుకుని కర్ర ముందుకి తోసింది.

కళ్ళు తెరిచేసరికి భానోజీ పక్కన నిలబడి ఉన్నాడు. అదే గళ్ళచొక్కా, అదే నూనూగు మీసం. జెస్సీరాణి అతని పాదాలు దూదితో తుడిచి, బోర్డు తీసుకుని లోపలికి వెళ్ళింది.

అక్కాతమ్ముళ్ళు బల్లమీద కూర్చున్నారు. భానోజీ కాళ్ళు నేలమీద ఆగడంలేదు.

"నాన్నేడే?"

"పోయారురా."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"రారు. ఇక్కడ ఒక్కసారే."

భానోజీ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. "నువ్వేం చేస్తుంటావక్కా?" అన్నాడు.

"జిరాక్సు షాపు పెట్టుకున్నాను. పొద్దున్న తీస్తాను, రాత్రికి మూస్తాను."

"తర్వాత స్టేజీ?"

సత్యవేణి ఆలోచించింది. "మళ్ళీ పొద్దున్నే తీస్తాను," అంది.

అతని కోసం ఆమె కొత్త పరుపు కొని ఉంచింది. పులస దొరక్కపోతే కొరమీను తెప్పించి పులుసు పెట్టింది. ఆ సంగతి చెప్పబోయేలోపే భానోజీ లేచి కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరగడం మొదలెట్టాడు. వర్షంలో బస్టాపు కింద జనం ఫోన్లలోకి వంగి బొటనవేళ్ళు ఆడిస్తున్నారు.

"వాళ్ళు లోపలున్నారా, బయటున్నారా?"

"బయటేరా."

"మరైతే నేను వెళ్ళిపోతానక్కా. ఇక్కడ నాకు ఊపిరాడటంలేదు."

జెస్సీరాణి ఆరిన బోర్డు తెచ్చింది. రాగిగీతలు తళతళలాడుతున్నాయి. కొత్త బ్యాటరీని ఈసారి బోర్డుకి దూరంగా, వైరుతో అమర్చింది.

సత్యవేణి చాలాసేపు దానివైపు చూసి అడిగింది: "రెండో ఆటగాడి బటను పనిచేస్తుందాండి?"

జెస్సీరాణి నొక్కి చూసింది. "కొత్తదానిలా ఉందండి. ఎవరూ వాడలేదు. కానీ ఇద్దరూ వెళ్ళిపోతే, రేపు చిలుము పడితే నోటీసు ఎవరు తీసుకుంటారు?"

"ఇంకెవరూ లేరండి."

"అయితే నా పేరు రాస్తాను," అంది జెస్సీరాణి. అలాంటివాళ్ళందరికీ ఆమె తన పేరే రాస్తోంది.

తెర వెలిగింది. అందులో సత్యవేణి చీరకుచ్చెళ్ళు పైకి దోపుకుని మొదటి గోతిలోనే పడింది. భానోజీ వెనక్కి వచ్చి, ఆమె మళ్ళీ పుట్టేదాకా కుదురుగా నిలబడ్డాడు.

ఆధార్ కార్డులు పట్టుకుని జిరాక్సు షాపుకి వచ్చినవాళ్ళు మూసిన షట్టరు చూసి పక్క షాపుకి వెళ్ళారు. ఆ నెలలోనే జెస్సీరాణి తన చెల్లెలి పురిటికి వెళ్ళాలని సెలవడిగింది. నోటీసులకి ఆమె పేరు రాసినవాళ్ళందరితో కలిపి ఆమె మీద ఆధారపడ్డ కుటుంబం మరీ పెద్దదైపోయింది కాబట్టి ఇకపై ఏ సెలవూ ఇవ్వడం కుదరదని ఆఫీసువాళ్ళు జవాబిచ్చారు. ఆమెకు అది న్యాయంగానే తోచింది. చెల్లెలికి ఫోను చేసి రాలేనని చెప్పి, తర్వాతి బోర్డుని లైటు కిందకి జరుపుకుంది.