కృత్రిమ కందెన పుట్టుక: సాధికార చరిత్ర

మా కర్మాగారపు నలభయ్యేళ్ల చరిత్రను నాలుగు వందల పన్నెండు పాదసూచికలతో పూర్తిచేశానని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. బావిలో తోడిన చమురును వడగట్టి కాక, ఓలిఫిన్ అనే రసాయనం నుంచి యంత్రాలకు వేసే కందెన తయారుచేయడం ఇక్కడ ఎలా మొదలైందో ఇకపై ఎవరూ సందేహించనక్కరలేదు.

గ్రంథం ప్రకారం ఆ సూత్రం అప్పటి డైరెక్టరుగారికి, అంటే ఇప్పటి ఛైర్మనుగారికి, ధ్యానంలో స్ఫురించింది. ఆధారం, పద్దెనిమిదేళ్ల తర్వాత ఆయన తనకు తానే రాసుకున్న అభినందన లేఖ. దానికి మూడు ప్రతులున్నాయి. మూడూ అక్షరం పొల్లుపోకుండా ఒకదానితో ఒకటి ఏకీభవించాయి. ఇంతటి ఏకాభిప్రాయం చరిత్రలో అరుదు.

అచ్చుకు వారం ముందు, రిటైరైన రియాక్టరు ఆపరేటరొకాయన భార్యతో మా ఇంటికి వచ్చారు. నేను సాధారణంగా మనుషులను కలవను. వారికి విషయసూచిక ఉండదు.

"సార్, ఒక్క ముక్క రాయండి చాలు. ఆ కందెన నావల్లే పుట్టింది. ఆరోజు వాల్వు కట్టెయ్యడం మర్చిపోయా."

ఆయన చెప్పిన ప్రకారం జరిగింది ఇది. 'కార్మికుడు తన స్థానం వదలరాదు' అనే అంశంపై డైరెక్టరుగారు రెండు గంటలు ఉపన్యసించారు. వినడానికి అందరూ తమ స్థానాలు వదిలి రావాలని ఉత్తర్వు. "ఒక్క క్షణం ఏమరుపాటు, సంస్థకు శాశ్వత కళంకం!" అని ఆయన గర్జిస్తుండగా, తెరిచి ఉన్న వాల్వు గుండా ఉత్ప్రేరకం రియాక్టరులోకి పోతూనే ఉంది. తిరిగివచ్చేసరికి రోజూ తయారయ్యే సబ్బుల ముడిసరుకు బదులు చిక్కటి ద్రవం తేలింది. అది ఎముకలు కొరికే చలికీ గడ్డకట్టలేదు.

"మనవలు నన్ను కోతలరాయుడంటున్నారు సార్. పుస్తకంలో పడితే నోళ్లు మూస్తారు."

ఆనాటి లాగ్‌బుక్ తీశాను. ఆయన చేతిరాతే: 'విశేషాలేమీ లేవు.'

"మరి నిజం రాస్తే ఉద్యోగం ఊడేది కదండీ!"

ఆమె సంచిలోంచి జిడ్డుమరకల చొక్కా తీశారు. "ఇదిగోండి, ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు."

తేదీ లేని చొక్కాను స్వీకరించే సంప్రదాయం చరిత్రశాస్త్రంలో లేదని మృదువుగా విన్నవించాను.

"ఉతికినదాన్ని నేను. తేదీ నన్నడగండి!"

"ఊరుకోవే, సారు పెద్ద చదువులు చదివారు."

"చదివారులే. చొక్కా తప్ప అన్నీ చదివారు."

ఆయన చెప్పింది నిజమని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. అయితే నమ్మకం వేరు, పద్ధతి వేరు. పైగా ముందుమాట ఛైర్మనుగారిది. రెండో సంపుటి నాకు అప్పగించవలసిందీ ఆయనే. అయినా అన్యాయం చేయలేదు. ఆపరేటరుగారికి పాదసూచిక రెండు వందల అరవై ఏడు కేటాయించాను: 'ఆ దినం రియాక్టరు వద్ద విశేషాలేమీ జరగలేదని ఆపరేటరు స్వహస్తాలతో ధ్రువీకరించినందున, ధ్యానమే ఏకైక కారణమని రుజువవుతున్నది.'

ఆవిష్కరణ సభకు ఆయన పెద్ద మనవణ్ణి వెంటబెట్టుకు వచ్చారు. వాడు ఆ పాదసూచికను అక్షరమక్షరం చదివి వినిపించి, తాతవైపు చూడకుండా పుస్తకం మూశాడు. ఆయన వేదిక దాకా వచ్చి నా చెవిలో అన్నారు:

"ఉద్యోగం పోతుందని నేను రెండు ముక్కలు అబద్ధం రాశా సార్. మీరు నాలుగొందల పేజీలు రాశారు. మీకేం పోతుందనీ?"

ఆ ప్రశ్నకు లిఖితపూర్వక ఆధారమేదీ లభించనందున మలి ముద్రణలో చేర్చడం లేదు. సభలో మరెవరూ విన్నట్టు లేదు; అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ముందు వరుసలో మిమ్మల్ని కూడా చూసినట్టే గుర్తు.