తిరుగుబాటు చూసినట్టు ధ్రువీకరణ

మానవజాతి సాధించిన మహత్కార్యాల్లో తిరుగుబాటు ఒకటని, కాబట్టి దాన్ని ఎనిమిదో తరగతి పిల్లలకు ఆదివారం (ఇక్కడ వారానికి మొదటి పనిదినం) మూడో పీరియడ్‌లో, రోల్ నంబర్ల వరుసలో కూర్చోబెట్టి చూపించాలని కువైట్‌లోని హవల్లీలో మా అమ్మాయి చదివే బడి తీర్మానించింది.

అందుకు ఎంచుకున్నది ఒక పాత ఫ్రెంచి సినిమా. నలుపు తెలుపుది. హాస్టల్ పిల్లలు కఠినమైన మాస్టర్ల మీద తిరగబడటం దాని కథ. (మా విజయదుర్గ రెండో భాషగా ఫ్రెంచి చదువుతోంది. అందులో మార్కులు బాగా పడతాయని కువైట్‌లో తెలుగువాళ్లంతా ఒకరికొకరు చెప్పుకున్నారు. ఫ్రెంచి వచ్చినవాళ్లు మాలో ఎవరూ లేరు కనుక ఖండించినవాళ్లూ లేరు.)

ముందుగా అనుమతి పత్రం వచ్చింది. సినిమా చూసిన నాటి నుంచి ముప్పై పనిదినాల పాటు మా పిల్ల తిరగబడదని మేం హామీ ఇవ్వాలి. ముప్పై ఒకటో రోజు సంగతి అందులో లేదు. పొయ్యి మీద చారు పొంగుతుండగా సంతకం పెట్టేశాను.

తర్వాత క్రమశిక్షణ సమన్వయకర్త ఉదయ్‌కుమార్ గారి అధ్యక్షతన సినిమా పరిశీలన సంఘం కూర్చుంది. పిల్లల మనసులు లేతవి కదా. అందుకని ఎదురు సమాధానాలు తీసేశారు. తర్వాత అల్లరి, ఆపైన అల్లరికి ముందు వచ్చే గుసగుసలు తీసేశారు. తొంభై నిమిషాల సినిమాలో పంతొమ్మిది మిగిలాయి. వాటిలో పిల్లలు గంట కొట్టగానే లేస్తారు, మొహాలు కడుక్కుంటారు, వరుసగా నడుస్తారు. ఒక మాస్టరు ఒక కుర్రాడి చెవి మెలిపెడతాడు. (ఇది ఉంచారు. విలువలున్న సన్నివేశమట.)

ఆదివారం అది చూపించారు. మర్నాడు పరీక్ష. ‘పిల్లలు ఎందుకు తిరగబడ్డారు? ఐదు మార్కులు.’ జవాబు ముందే బోర్డు మీద ఎక్కించారు. ముప్పై తొమ్మిది మంది దాన్ని దించుకున్నారు. మా దుర్గ మాత్రం, ‘ఎవరూ తిరగబడలేదు. ఒకబ్బాయికి చెవి నొప్పి పుట్టింది’ అని రాసింది.

సున్నా వచ్చింది. దాని వెనకే నోటీసు వచ్చింది. ‘నేను తిరుగుబాటు చూశాను’ అనే ధ్రువీకరణ పత్రం మీద దుర్గ గురువారంలోగా సంతకం పెట్టకపోతే, ప్రవర్తన గడిలో ‘సంతృప్తికరం కాదు’ అని రాస్తారు. అలా రాసిన పిల్లకు తొమ్మిదో తరగతిలో సీటు ఉండదు. ఇక్కడ ఇంకో బడిలో సీటు దొరకడం కంటే ఇంకో దేశం దొరకడం తేలిక.

పై ఫ్లాట్లో ఉండే దిల్షాద్ బీతో చెప్పుకున్నాను. ఆమెది రాయచోటి. కూతురు నిలోఫర్‌ది దుర్గ తరగతే, ఐదుకు ఐదు.

“సంతకమే గదక్కా, పెట్టిచ్చేయ్” అంది. “ఈడ ఉండేదానికిచ్చే ఇఖామా కాగితాల్లో అరబ్బీలో ఏం రాసిండారో చదివేనా మనం సంతకాలు పెట్టింది? మా ఆయనకు నేను రెండో పెళ్లామని ఒప్పుకున్యానో ఏమో, ఎవురికెరుక.”

దుర్గకు ఈ న్యాయం ఎక్కలేదు.

“నేను చూళ్లేదమ్మా. చూడంది చూశానని ఎలా పెట్టేది?”

“అందరూ బోర్డు మీదది రాయలేదా?”

“ఎవరూ చూళ్లేదు కూడాను.”

(ఇది ఎదురు సమాధానమే. ఆ వారంలో నాలుగోది. హామీదారును నేనే కనుక ఎవరికీ చెప్పలేదు.)

గురువారం ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. ఉదయ్‌కుమార్ గారిది మా అమలాపురం వైపే. మర్యాదకు లోటు లేదు.

“పాప పెట్టనంటే మీరు పెట్టొచ్చండి. కాకపోతే మీరు చూసుండాలి. చూడకుండా చూశానంటే మా దగ్గర ఒప్పుకోరండి.”

“మరి పాప చూళ్లేదు కదండీ.”

“పాప చూసిందండి. మేం చూపించిందంతా చూసింది.”

“పోనీ, ఆ తీసేసిందేదో దానికే చూపించెయ్యండి. పెట్టేస్తది.”

“భలేవారే. చిన్నపిల్లలకి అలాంటియ్యి ఎలా చూపిస్తామండీ?”

కాబట్టి దుర్గను బయట బల్ల మీద కూర్చోబెట్టి, తలుపు వేసి, ఆ డెబ్బై ఒక్క నిమిషాలూ నాకు ఆఫీసు కంప్యూటర్లో చూపించారు. తిరుగుబాటు బ్రహ్మాండంగా ఉంది. పిల్లలు గంట తాడు కోసేశారు. శిక్షల పుస్తకం చింపి, కాగితప్పడవలు చేసి, ఫౌంటెన్‌లో వదిలారు. హెడ్‌మాస్టరును భోజనాల గదిలో పెట్టి గడియ వేసి, చల్లారిపోయిన క్యాబేజీ సూపు అయ్యేదాకా కిటికీలోంచి “ఇంకో చెంచా” అని గదమాయించారు.

ఉదయ్‌కుమార్ గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

“ఆరోసారండి నేను చూడ్డం. ఆ సూపు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆగలేనండి.”

నేనూ ఆగలేకపోయాను. ఆ ఒక్క ముక్క మళ్లీ వేయమన్నాను. వేశారు.

అయిపోయాక ఆయన కళ్లజోడు పెట్టుకుని పత్రం నా ముందుకు జరిపారు. సంతకం పెట్టాను. ముద్ర పడింది. దుర్గకు ఐదుకు ఐదు, ప్రవర్తన సంతృప్తికరం, సీటు పదిలం. (పరిశీలన సంఘంలో తల్లుల తరఫున ఒక స్థానం ఖాళీగా ఉందట. వచ్చే నెల ఇంకో సినిమా ఉందట. దానికీ ఒప్పుకున్నాను.)

తలుపు తీసుకుని బయటికొచ్చాం. మా నవ్వులన్నీ ఇవతలికి వినబడినట్టున్నాయి. దుర్గ బల్ల మీంచి లేచి నిలబడింది.

“ఏముందమ్మా అందులో?”

ఉదయ్‌కుమార్ గారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను.

“పిల్లలు చూసేది కాదమ్మా” అన్నాను.