ఏడో సంపుటానికి మా ఊరి సహకారం

చరిత్ర పరిశోధనకు మా వ్రానోవెత్స్ పట్టణం ఎంతగా సహకరిస్తుందో లోకానికి తెలియజేయవలసిన అవసరం వచ్చింది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

రచయిత్రి రాలిత్సా జెలెవా గారు తురుష్కుల మీద మావాళ్లు చేసిన తిరుగుబాటు గురించి వరసగా ఆరు నవలలు రాశారు. ఆరింటిలోనూ మా ఊరివాళ్లు పులులు. ఆవిడ కల్పించిన వీరుడికి మేం విగ్రహం పెట్టాం. ఆయన పుట్టినరోజు ఆవిడకే తెలియదంటే పురపాలక సంఘం తీర్మానించి ఒకటి ఇచ్చింది. కాబట్టి ఏడో నవల కోసం ఆవిడ బస్సు దిగినప్పుడు మా స్వాగత మర్యాద ప్రకారం రొట్టె, ఉప్పు పట్టుకుని ఎదురెళ్లాం.

వారం రోజులు పాత కాగితాల్లో కూర్చుని ఆవిడ ఒక వాంగ్మూలం బయటికి తీశారు. ఓడిపోయి, వానలో మా ఊరికి పారిపోయి వచ్చిన పదకొండు మంది తిరుగుబాటుదారుల్లో బతికి బయటపడ్డ ఒకడు చెప్పింది: "ప్రతి తలుపూ కొట్టాం. యానా అనే విధవరాలు ఒక్కతే తీసింది. ఆమె గదిలో ఒకడికే చోటుంది." మిగతా పదిమందీ తెల్లారేసరికి దొరికిపోయారు. వాడి జాడ చెప్పనందుకు యానాను ఉరితీశారు. ఏడో నవల ఆమెదేనని రాలిత్సా గారు ప్రకటించారు.

ఊరు కదిలిపోయింది. ఆ తలుపు మాదంటే మాదని మర్నాటికల్లా రెండువందల పద్నాలుగు అర్జీలు వచ్చాయి. వంతెన అవతలి కాలనీవాళ్లూ పెట్టారు. ఆ కాలనీ కట్టి నలభై ఏళ్లే.

మేయర్ త్స్వెతాన్ గోరానోవ్ సభ పెట్టారు. "చూడు తల్లీ, నీ యానాని మేం కాదనట్లేదు. ఆవిడొక్కతే అంటే మిగతావాళ్లు తలెత్తుకునేదెలా? అందరూ తలుపులు తీశారని రాసెయ్యి. నీ సొమ్మేం పోయింది?"

"అందరూ తీస్తే పదిమంది ఎలా దొరికారండీ?"

మేయర్ తడుముకోలేదు. "ఎవరింటికెళ్లాలో తేల్చుకోలేక దొరికారు. మా ఊరి మర్యాద అట్లాంటిది మరి!"

సభ పది నిమిషాలు చప్పట్లు కొట్టింది. చరిత్రలోని చిక్కుముడి ఇంత సులువుగా విడిపోవడం నేనెన్నడూ చూడలేదు.

"ఆవిడ ప్రాణమిచ్చిందండీ. కనీసం ఆ తలుపైనా ఆవిడకి ఉంచండి" అన్నారు రాలిత్సా గారు కళ్లనీళ్లతో. చదువుకున్నవాళ్లకు మొండితనం ఎక్కువ.

మాది నాగరిక పట్టణం గనుక మేం కేకలు వెయ్యలేదు. ఎవరైనా పోతే చేసినట్టే నల్ల అంచు ప్రకటన అచ్చువేసి చెట్లకూ గేట్లకూ అంటించాం: "మా ప్రియతమ ఏడో సంపుటం పుట్టకముందే కన్నుమూసినదని తెలుపుటకు చింతిస్తున్నాము. ఇట్లు, శోకతప్తులైన పురప్రజలు." హోటలువాళ్లు ఉన్నట్టుండి ఆవిడ గదికి మరమ్మతు మొదలుపెట్టారు. అదే వారం ప్రతి ఇంటి గుమ్మం మీదా పాలరాతి ఫలకం వెలిసింది: "ఆనాడు తెరుచుకున్న తలుపు ఇదే."

నిన్న సాయంత్రం జోరువాన. వంతెన మునిగి ఐదింటి బస్సు రాలేదు. రాలిత్సా గారు పెట్టె ఈడ్చుకుంటూ మా వీధిలో ఒక్కో తలుపే కొట్టుకుంటూ వచ్చారు. ఎదురింటి పెంకా అత్త గబగబా దీపం ఆర్పేసింది.

చివరికి మా తలుపు. "ఎవరండీ లోపల? ఈ పూటకి కాస్త చోటిస్తే చాలు."

తెర సందులోంచి చూశాను. నిలువునా తడిసి వణుకుతున్నారు. జాలేసింది, అబద్ధమెందుకు?

కానీ మా ఫలకం ఆ పొద్దునే అతికించారు. సిమెంటు ఆరేదాకా తలుపు కదిలించొద్దని మేస్త్రీ మరీ మరీ చెప్పి వెళ్లాడు.