మిట్ట మీద మకాం

“మనిషి బరువు ఒంట్లో ఉండదండీ, అడ్రసులో ఉంటుంది!”

ఈ మహావాక్యాన్ని సెలవిచ్చినవాడు తూనికలు, కొలతల శాఖలో పెద్ద గుమాస్తా. విన్నవాడు, ఆ పొద్దుటే బదిలీ మీద వచ్చి చేరిన కొత్త ఇన్‌స్పెక్టరు. ఆ ఇన్‌స్పెక్టరు సామాన్యుడు కాదు. కాటా ముందు ఒక్క క్షణం నిలబడితే చాలు, దొంగ తూకం ఎక్కడుందో పసిగట్టేసే మొనగాడు. అంతటివాడు ఈ ఒక్క మాటని మాత్రం తూచి చూడకుండా జేబులో వేసుకున్నాడు. కొంప అక్కడే మునిగింది!

“ఈ ఊళ్ళో ఉన్నవి రెండే చోట్లండీ,” అన్నాడు పెద్ద గుమాస్తా కుర్చీలో వెనక్కి వాలి. “ఒకటి మిట్ట. రెండోది పల్లం. మిట్ట మీద మర్యాదస్థులుంటారు. పల్లంలో మిగతా జనాభా ఉంటుంది. ఇంతకీ తమరు ఇల్లు ఎక్కడ చూసుకున్నారు?”

నిజానికి ఇన్‌స్పెక్టరు అప్పటికే ఇల్లు చూసేసుకున్నాడు. శుభ్రంగా పల్లంలో! రిటైరైన నర్సమ్మగారి ఇంట్లో ఓ వాటా. ముందు వెడల్పాటి వరండా, వంటింట్లోకి పొద్దుటి ఎండ, పెరట్లో తిప్పగానే దబదబా పోసే కుళాయి. మెట్లన్నవి లేవు. మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి సతమతమవుతున్న తల్లి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గదులన్నీ తిరిగొచ్చి, “ఒరేయ్ నాన్నా, ఈ ఇల్లు నా కాళ్ళ కొలతలు తీసుకుని కట్టినట్టుందిరా!” అని మురిసిపోయింది. సామాను దింపుకుంటామని నర్సమ్మకి మాట కూడా ఇచ్చేశారు.

“మిట్ట మీదేనండీ!” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నోరు అనేసిన తర్వాత గానీ చెవులకి ఆ సంగతి తెలియలేదు.

“భేష్! నేనూ అక్కడే. డైరెక్టరు గారూ అక్కడే. మన టైపిస్టమ్మగారైతే వాళ్ళ తాతల నాటి నుంచీ అక్కడే!”

టైపిస్టమ్మ మిషను మీంచి తల ఎత్తకుండానే అవునన్నట్టు ఊపింది.

ఇక ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి కదా! నర్సమ్మకిచ్చిన మాట కాదండోయ్, పెద్ద గుమాస్తాకిచ్చిన మాట.

మిట్ట మీద బంగళాలే తప్ప ఇళ్ళు లేవు. ఆ బంగళాలకి కుక్కలే తప్ప మనుషులు పలకరు. సాయంత్రం దాకా తిరిగి తిరిగి ఓ రిటైర్డు జడ్జిగారి గేటు ముందు చతికిలబడితే, ఆయన జాలిపడి తన కారు షెడ్డు చూపించాడు. కారు ఎప్పుడో అమ్ముడుపోయింది. షెడ్డు మిగిలింది.

“దీన్ని షెడ్డు అనకూడదు. గార్డెన్ సూట్ అనాలి,” అన్నాడు జడ్జిగారు.

గార్డెన్ ఏదండీ అని అడుగుదామనుకున్నాడు ఇన్‌స్పెక్టరు. కానీ అది అప్పీలుకి తావులేని గొంతు.

గార్డెన్ సూట్‌కి తలుపు లేదు, ఇనప షట్టరు ఉంది. పైకెత్తితే కాపరమంతా వీధికి నాటకంలా కనిపిస్తుంది. కిందికి దించితే పట్టపగలే అమావాస్య! నేల నిండా ఎంత తోమినా పోని ఇంజన్ ఆయిలు మరకలు. కుళాయి నీళ్ళు మిట్ట ఎక్కేసరికే ఆయాసపడి, షెడ్డు దాకా రాకుండానే ఆగిపోయేవి.

“ఏమండీ,” అంది భార్య మొదటిరోజే, నడుం మీద చెయ్యి పెట్టుకుని. “మనింటికి చుట్టాలొస్తే కూర్చోబెట్టాలా, పార్కు చెయ్యాలా?”

“నెమ్మదిగా! జడ్జిగారు వింటారు.”

“విననివ్వండి. మీ అమ్మగారిని రివర్సులో దింపాలో, ముందు వైపు నుంచి దింపాలో ఆయన్నే అడుగుదాం!”

అందులో ఎత్తిపొడుపు ఉన్నమాట నిజమే గానీ అబద్ధం లేదు. కారు ఎక్కడానికి కట్టిన ఏటవాలు మీదుగానే ముసలావిడ ఎక్కాలి, దిగాలి. ఆవిడ మాత్రం కొడుకుని ఒక్క మాట అనలేదు. బయటికి రావడమే మానేసి, షట్టరు సందులోంచి పడే ఎండలోకి కుర్చీ జరుపుకుంటూ కూర్చునేది. ఎండ కదిలితే కుర్చీ కదిలేది. అది చూసినప్పుడల్లా ఇన్‌స్పెక్టరుకి గుండెలో ఏదో కలుక్కుమనేది. కానీ ఆఫీసుకి వెళ్ళేసరికి ఆ నొప్పి మాయం!

“రాత్రి మిట్ట మీద గాలి చూశారూ!” అనేవాడు పెద్ద గుమాస్తా.

“అబ్బో, బ్రహ్మాండం!” అనేవాడు గాలన్నదే ఆడని షెడ్డులో పడుకుని లేచొచ్చిన ఇన్‌స్పెక్టరు.

చిత్రమేమిటంటే, అందరూ మిట్టవాసులే అయినా, సాయంత్రం ఒక్కరూ ఇన్‌స్పెక్టరుతో కలిసి నడిచేవారు కాదు. దారి రెండుగా చీలే చోటికి వచ్చేసరికి పెద్ద గుమాస్తాకి చెప్పు తెగేది. టైపిస్టమ్మకి దారం ఉండ కొనాలని గుర్తొచ్చేది. డైరెక్టరు గారు ఏదో ఫైలు మర్చిపోయానంటూ వెనక్కి తిరిగేవారు. ఇన్‌స్పెక్టరు హమ్మయ్య అనుకునేవాడు. వీళ్ళల్లో ఎవరైనా ఇంటికొస్తే షట్టరు ఎత్తాలి కదా మరి!

ఓ వానాకాలపు సాయంత్రం, ఆరేసిన చీర తడిసిపోతోందని ముసలావిడ బయటికి అడుగు పెట్టింది. ఏటవాలు మీద కాలు జారింది. ఆఫీసు నుంచి వస్తున్న కొడుకు గేటు దగ్గరికొచ్చేసరికి తల్లి వానలో కూర్చుని మడమ పట్టుకుని ఉంది. “ఏం లేదురా, కాస్త బెణికింది, అంతే,” అంటోంది, పెదవి కొరుక్కుంటూ.

ఇన్‌స్పెక్టరు ఇక మిట్ట చూడలేదు, మర్యాద చూడలేదు. తల్లిని వీపు మీద వేసుకున్నాడు. భార్య గొడుగు పట్టింది. ముగ్గురూ తిన్నగా పల్లంలోకి దిగి నర్సమ్మ తలుపు తట్టారు.

మాట తప్పినవాడని నర్సమ్మ ఒక్క పరుషమైన మాట అనలేదు. కాలు ఒళ్ళో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, “ఎముక విరగలేదు, అదృష్టవంతురాలివి వదినా,” అంటూ కట్టు కట్టింది. “ఆ వాటా ఇంకా ఖాళీగానే ఉంది. ఈ పూటకి అందులో పడుకోండి.”

“ఈ పూటకి కాదు పిన్నిగారూ,” అంది భార్య. మొగుడి వైపు తిరిగింది. “నేనూ అత్తయ్యా ఇక్కడే ఉంటాం. మీరు వెళ్ళి మీ అడ్రసుతో కాపరం చేసుకోండి!”

ఇన్‌స్పెక్టరు తల వంచుకుని తల్లి పక్కనే చాప పరుచుకున్నాడు.

తెల్లారాక మొహం కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాడు. దబదబా నీళ్ళు! ఆ చప్పుడికి పక్కింటి పిట్టగోడ మీంచి ఓ తల పైకి లేచింది. నోటి నిండా పేస్టు నురగ. పెద్ద గుమాస్తా!

“తమరా!” అన్నాడు పెద్ద గుమాస్తా, నురగ మింగేసి. “త... తనిఖీకి వచ్చారా?”

“మీరేమిటండీ ఇక్కడ?”

గుమాస్తా జవాబు వెతుక్కుంటుండగా, అవతలి పెరట్లో తడి చొక్కాలు ఆరేస్తున్న ఓ పెద్దమనిషి గబుక్కున దుప్పటి వెనక దాక్కున్నాడు. దుప్పటి పైన బట్టతల, కింద పిక్కలు స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి.

“నమస్కారం సార్,” అన్నాడు ఇన్‌స్పెక్టరు దుప్పటితో.

“నమస్కారం,” అంది దుప్పటి, డైరెక్టరు గారి గొంతుతో.

వెనకింటి కిటికీ ధడాలున మూసుకుంది. రెక్క సందులోంచి టైపిస్టమ్మ జడ కొస బయటే ఉండిపోయింది.

ఇక దాచడానికేం మిగల్లేదని పెద్ద గుమాస్తా గోడ మీద మోచేతులాన్చి గోడు వెళ్ళబోసుకున్నాడు. “ఆఫీసు మొత్తానికి మిట్ట మీద ఉంటున్నది తమరొక్కరేనండీ! తమరు రాకముందు మేమంతా ఒకరికొకరం అబద్ధం చెప్పుకుంటూ, పక్కపక్కనే హాయిగా బతికేవాళ్ళం. తమరేమో వెళ్ళి నిజంగా ఉన్నారు! ఇదేం అన్యాయమండీ? తమ భయానికి నేను రోజూ మంచి చెప్పు తెంపుకుంటున్నాను!”

ఇన్‌స్పెక్టరుకి నవ్వాలో, ఏడవాలో తెలియలేదు. చివరికి నవ్వే వచ్చింది. “ఇక మీ చెప్పులకి భయం లేదు. ఈ పూటే షెడ్డు ఖాళీ చేసేస్తున్నాను.”

షెడ్డు అన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. ఖాళీ అన్న మాటకి మాత్రం దుప్పటి గజగజ వణికింది. డైరెక్టరు గారు బయటికొచ్చేశారు, బనీను మీదే.

“ఖాళీయా! మిట్ట మీద మనవాళ్ళు ఒక్కరూ లేకపోతే శాఖ పరువేం కావాలి? పైనుంచి ఎవరైనా వచ్చి చూపించమంటే ఏం చూపించాలి?” అక్కడికక్కడే నోటి ఉత్తర్వు జారీ అయింది. “శాఖ గౌరవార్థం సదరు షెడ్డును యథాతథంగా కొనసాగించవలెను. నివాసం మాత్రం పల్లంలో ఉండవచ్చును. షట్టరు మీద మీ నేమ్‌బోర్డు తగిలించవలెను.” ఆగి, గొంతు తగ్గించారు. “వీలైతే పక్కన నాది కూడా.”

“నాది కింద ఓ మూలన ఉన్నా చాలండీ,” అన్నాడు పెద్ద గుమాస్తా.

కిటికీ తెరుచుకుంది. “నాది కాస్త పెద్ద అక్షరాల్లో,” అంది టైపిస్టమ్మ.

ఆదివారం నాడు ఇన్‌స్పెక్టరు నిచ్చెన మోసుకెళ్ళి, షట్టరు నిండా బోర్డులు బిగించాడు. లోపల పిల్లి కూడా లేదు. పైన మాత్రం ఆఫీసుకి ఆఫీసంతా కాపరం ఉన్నట్టుంది!

సుత్తి చప్పుడికి జడ్జిగారు బయటికొచ్చాడు. బోర్డులన్నీ ఒక్కొక్కటే చదివాడు. పెద్ద తీర్పేదో వస్తుందని ఇన్‌స్పెక్టరు నిచ్చెన మీద బిగుసుకుపోయాడు. జడ్జిగారు అటూ ఇటూ చూసి, నిచ్చెన దగ్గరికొచ్చి గుసగుసగా అడిగాడు.

“మీ వీధిలో ఇంకో వాటా ఏదైనా ఖాళీగా ఉందా? గట్టిగా చెప్పకండి. నీళ్ళు మోయలేక మా ఆవిడా నేనూ చచ్చిపోతున్నాం.”

“మరి బంగళా?”

“బంగళాకేం? గేటు వేసే ఉంటుంది. ఇన్నాళ్ళూ లోపల మేమున్నామని మాత్రం ఎవరు చూడొచ్చారు?”

ఇన్‌స్పెక్టరు నిచ్చెన దిగాడు. ఓ కొస తను ఎత్తాడు, రెండో కొస జడ్జిగారు భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ పల్లం వైపు బయల్దేరారు. మలుపులో ఎదురైన ఎదురు బంగళావిడ, “ఎక్కడికండీ జడ్జిగారూ?” అని అడిగింది.

“ఏం లేదమ్మా, అలా సరదాగా వాకింగ్‌కి!” అన్నాడు జడ్జిగారు, నిచ్చెనని భుజం మీద సర్దుకుంటూ.