ముప్పై ఎనిమిదో సెకను

ప్రతి ఇంట్లోనూ ఒక ఆడియో పిచ్చివాడు ఉండి తీరాలి. లేకపోతే ఇంటికొకణ్ణి చొప్పున ప్రభుత్వమే సరఫరా చెయ్యాలి. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను!

ఆడియో పిచ్చివాడంటే పాటలు ఇష్టపడేవాడని మీరు పొరబడుతున్నారేమో. పాటలు ఇష్టపడేవాళ్లు మనలాంటి మామూలు మనుషులు. పాత రేడియోలో గరగరమంటూ వచ్చినా చెవులొగ్గి వింటాం, పాడడం వచ్చినా రాకపోయినా గొంతు కలుపుతాం. ఆడియో పిచ్చివాడు పాట వినడు. పాట వచ్చే దారిని వింటాడు. ఆ దారిలో గుంతలెన్నో చూసుకుంటూ ఉండగానే పాట అయిపోతుంది.

మా అక్కకి అలాంటి మహానుభావుడు మొగుడిగా దొరికాడు. ఆ అదృష్టం అందరికీ పడుతుందా!

మా బావది కళ్లజోళ్ల షాపు. వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మారుస్తూ “ఇది బాగుందా? ఇదా?” అని అడగడం ఆయన వృత్తి. ఇంటికొచ్చాక అదే పరీక్ష తన చెవులకి పెట్టుకుంటాడు. ఈ వైరు బాగుందా? ఆ వైరా? పెళ్లయిన కొత్తలో అక్కని కూడా కూర్చోబెట్టి, కళ్లకి గుడ్డ కట్టి మరీ రెండు వైర్లూ మార్చి మార్చి వినిపించాడు. “రెండూ ఒకటేగా అండీ” అంది అక్క. ఆ రోజు ఆయన చూసిన జాలి చూపు, బోర్డు మీద అన్నిటికంటే పెద్ద అక్షరం కనబడనివాళ్ల వైపు కూడా చూసి ఉండడు. మళ్లీ ఎప్పుడూ ఆవిణ్ణి ఏమీ అడగలేదు.

కొత్త హెడ్‌ఫోన్స్ కొనగానే చెవులకి పెట్టుకోకూడదట. రెండొందల గంటలు వాటిని వాటి మానాన మోగనివ్వాలట. అప్పుడుగానీ పదును రాదట! అందుకని బీరువాలో దుప్పట్ల మధ్య పడుకోబెట్టి, ‘స్స్స్’ మనే చప్పుడొకటి పెట్టి తలుపు మూసేస్తాడు. ఒకసారి ఇంటి ఓనరు ఆ చప్పుడు విని, గోడలో పైపు పగిలిందని కంగారుపడి ప్లంబర్‌ని పంపించాడు. ప్లంబర్ బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చుని, దుప్పటి పైకెత్తి, లోపల వెచ్చగా పడుకున్న వాటిని చూశాడు. “ఏంటమ్మా ఇది, పొదగేశారా?” అని అడిగి, సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

వైర్లు నేలకి తగలకూడదు. తగిలితే పాటలో దుమ్‌దుమ్మనే బాస్ నేలలోకి ఇంకిపోతుందట. అందుకే గదంతా చిన్న చిన్న చెక్కదిమ్మలు, వాటి మీద వైర్లు. పదకొండేళ్లుగా మా అక్క వాటి చుట్టూ చీపురు తిప్పుతోంది. ఇక పాటంటారా, ఆ గదిలో ఏ పాటా నలభై సెకన్లు దాటదు. “అదిగో, ఇక్కడ పాడేవాడు పెదాలు తడుపుకున్నాడు, విన్నావా!” అని ఆపేసి మళ్లీ మొదటికొస్తాడు. ఏ పాట ఎలా మొదలవుతుందో బావని అడగండి, అరగంట చెబుతాడు. ఎలా ముగుస్తుందో మాత్రం అడక్కండి.

ఆయనకో గ్రూపుంది. పద్నాలుగు మంది, అందరూ ఆ జబ్బువాళ్లే. నెలకోసారి నలుగురైదుగురు ఇంటికొస్తారు. ఒకే గదిలో, ఎవరి హెడ్‌ఫోన్స్ వాళ్లు తగిలించుకుని, ఒకరికొకరు వీపులు పెట్టి, కళ్లు మూసుకుని రెండు గంటలు కూర్చుంటారు. తర్వాత లేచి, “చాలా బాగా గడిచింది, మళ్లీ కలుద్దాం” అని వెళ్లిపోతారు. చుట్టాలొస్తే ఇంత నిశ్శబ్దంగా ఉంటారా, మీరే చెప్పండి!

అన్నట్టు, మా అక్క ఉద్యోగం చెప్పలేదు కదూ. బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పేది ఆవిడే. ఇనప స్తంభాలకి వేలాడే రేకు గొట్టాలే ఆవిడ స్పీకర్లు. వాటి కిందుగా నడవాల్సి వస్తే బావ చెవులు మూసుకుంటాడు. “దాన్ని సౌండంటారా అసలు!” అంటాడు. ఆ రేకు గొట్టాల్లోంచే అక్క మాట వినబడగానే, మూడు సంచులతో కునికిపాట్లు పడుతున్న ముసలమ్మ లేచి సరిగ్గా తన బస్సు దగ్గరికే వెళుతుంది. బావ గదిలో ఉన్న సరుకంతా కలిసి ఒక్క మనిషిని కుర్చీలోంచి లేపిన పాపాన పోలేదు.

అసలు వరం ఏమిటంటే, వాళ్లింట్లో పోట్లాటలుండవు. “ఏవండీ, గ్యాస్ అయిపోయింది” అంటుంది అక్క. “ఈ గదిలో నీ గొంతు కాస్త మోగుతోంది. మందపాటి కర్టెన్లు వెయ్యాలి” అంటాడు బావ. ఇంక పోట్లాడడానికి ఏముంది? అక్క తనే ఫోన్ చేసి సిలిండర్ తెప్పించుకుంటుంది.

మొన్నామధ్య అక్క గొంతు బొంగురుపోయింది. బావకి అది అందరికంటే ముందే తెలిసింది. తెలిసి ఏం చేశాడంటారా? కిటికీకి కర్టెన్లు మార్చాడు!

అక్క ఒక్కతే డాక్టరు దగ్గరికెళ్లింది. స్వరతంతువు మీద చిన్న గడ్డ ఉందనీ, ఆపరేషన్ చెయ్యాలనీ, తర్వాత గొంతు ఇదివరకటిలా వస్తుందో రాదో చెప్పలేమనీ అన్నారాయన. గొంతు మీదే బతికే మనిషికి అది ఎలాంటి మాటో ఆలోచించండి. ఇంటికొచ్చి బావకి చెప్పబోయింది. ఆయన హెడ్‌ఫోన్స్ తియ్యకుండా చూపుడువేలు పైకెత్తాడు. ఒక్క నిమిషం ఆగమని దాని అర్థం. మర్నాడు మళ్లీ చెప్పబోయింది. మళ్లీ వేలు లేచింది.

ఆయన చెవుల్లోకి వెళ్లాలంటే ఫోన్లోంచి వెళ్లడమే దారని అక్కకి అర్థమైంది. బస్టాండులో భోజనాల గదిలో కూర్చుని, మా ముగ్గురికీ ఉన్న ఫ్యామిలీ గ్రూపులో ఒక నిమిషం నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టింది. గడ్డ సంగతి, ఆపరేషన్ సంగతి, గురువారం పదింటికి ఆస్పత్రికి రమ్మని, అన్నీ అందులోనే చెప్పింది.

బావ విన్నాడు. ఒక్కసారి కాదు, పదకొండు సార్లు!

హెడ్‌ఫోన్స్‌ని పరీక్షించడానికి ఆడగొంతుని మించింది లేదట. పైగా తెలిసిన గొంతు. మూడు రకాల హెడ్‌ఫోన్స్‌తో, నాలుగు రకాల వైర్లతో విని, కనిపెట్టినవన్నీ రాసుకున్నాడు. పన్నెండో సెకను దగ్గర గ్లాసు కింద పెట్టిన చప్పుడు. పాతికో సెకను దగ్గర బయట బస్సు రివర్సయిన కూత. ముప్పై ఎనిమిదో సెకను దగ్గర మాత్రం గొంతులో ఏదో సన్నటి వణుకు. ఆ వణుకు ఎక్కణ్ణుంచి వస్తోందో అంతుపట్టక, మెసేజ్ తీసుకెళ్లి తన పద్నాలుగు మంది గ్రూపులో పడేశాడు.

వాళ్లు ఊరుకుంటారా! ఒకడు వైరు లోపమన్నాడు. ఒకడు ప్లగ్గు అన్నాడు. ఇంకొకడు మీ వీధి కరెంటే మంచిది కాదన్నాడు. రెండు రోజులు చర్చ నడిచింది. పద్నాలుగు మంది, ఇరవై ఎనిమిది చెవులు. ఆవిడ ఆస్పత్రి మాట ఏదో అంటోంది, ఏమిటండీ అని అడిగిన మగాడు ఒక్కడు లేడు.

బుధవారం సాయంత్రం డ్రిల్లింగ్ మిషన్ కోసం వాళ్లింటికి వెళ్లాను. హాల్లో చిన్న బ్యాగు సర్ది ఉంది.

“రేపు వస్తున్నారుగా?” అంది అక్క, బావతో.

“ఎక్కడికి?”

“మెసేజ్ వినలేదా?”

“వినకపోవడమేంటి, పదకొండు సార్లు విన్నాను!” అన్నాడు బావ ఛాతీ విరుచుకుని.

“అయితే ఏం చెప్పానో చెప్పండి.”

బావ తను రాసుకున్న కాగితం తీశాడు. “ముప్పై ఎనిమిదో సెకను దగ్గర చిన్న వణుకు ఉంది. వైరు మార్చినా పోవట్లేదు” అన్నాడు.

“అది వైరుది కాదండీ” అంది అక్క.

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషేనా ఈయన! పెళ్లాం మాట పదకొండు సార్లు విని అందులో ఒక్క ముక్క పట్టించుకోని ఘనుణ్ణి ఏమనాలి? నాలుగు దులిపేద్దామని నోరు తెరిచాను. అంతలో అక్క నా వైపు తిరిగింది.

“నువ్వైనా విన్నావురా?”

“వినకపోవడమేంటి అక్కా! మెసేజ్ కింద బొటనవేలు బొమ్మ కూడా పెట్టాను కదా.”

“అయితే పదింటికి వచ్చెయ్.”

“ఎక్కడికి?” అన్నాను నేను.

అవును, విన్నాను. బూట్ల లేసులు కట్టుకుంటూ, రెండు రెట్ల స్పీడు పెట్టి విన్నాను. మీరు అలా వినరా? నిజం చెప్పండి! ఎవరి మెసేజ్ అయినా అలాగే వింటాను, టైము కలిసొస్తుందని. ఆ స్పీడులో మా అక్క పిచ్చుకలా కిచకిచలాడింది. గురువారం అనో, పది అనో ఏదో చెవిన పడినట్టుంది. బొటనవేలు పెట్టేసి లేచాను.

గురువారం పదింటికి ఇద్దరం వెళ్లాం. ఆపరేషన్ బాగానే జరిగింది. పది రోజులు మాట్లాడకుండా ఉండి అక్క మళ్లీ మైకు ముందు కూర్చుంది. గొంతు ఇదివరకటిది కాదు, కాస్త బరువెక్కింది. ముసలమ్మలు సరైన బస్సే ఎక్కుతున్నారు. బావ మారాడా అంటారా? ఎక్కడ మారతాడు! బీరువాలో కొత్తవేవో పొదుగుతున్నాయి. కాకపోతే అక్క నోరు తెరిస్తే వేలు ఎత్తడం మానేశాడు.

అక్క పాత గొంతు ఇప్పుడు ఆ మెసేజ్‌లోనే ఉంది. మొన్న దాన్ని మామూలు స్పీడులో పెట్టుకుని విన్నాను. ఇంత నెమ్మదిగా మాట్లాడుతుందా మా అక్క! గ్లాసు చప్పుడు వినబడింది, బస్సు కూత వినబడింది. ముప్పై ఎనిమిదో సెకను దగ్గర, “నాకు కొంచెం భయంగా ఉంది, మీరిద్దరూ ఉంటే బాగుంటుంది” అంటోంది.

బావని మీరు ఎన్నైనా అనండి, నేనూ అంటాను. కానీ ఆ వణుకు ఉందని కనిపెట్టింది మాత్రం ఆయనే.