సంతకం ఆరిన విధం

నా భార్యను రాజ్యాంగబద్ధంగా చంపారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. నియమాలన్నీ పాటించారు.

ముందు దేశాధ్యక్ష పదవి సంగతి చెప్పాలి. రాజ్యాంగం రాసిన పెద్దలు దీని మీద పదకొండు రోజులు వాదించుకున్నారు. అధికారం ఇస్తే రాజై కూర్చుంటాడన్నారు కొందరు. ఇవ్వకపోతే అసలు ఆ మనిషెందుకన్నారు మరికొందరు. చివరికి అందరికీ నచ్చిన దారి దొరికింది. అధికారాలన్నీ అధ్యక్షుడి పేరున రాశారు. వాటిని మంత్రివర్గం చెప్పినట్టే వాడాలన్నారు. బాధ తెలియకుండా రెండు వందల గదుల భవనం ఇచ్చారు. త్రివిధ దళాలకు ఆయనే అధిపతి. తోటలో ఏ వైపు నడవాలో మాత్రం భద్రతాధికారి చెబుతాడు.

పెద్దలు దయతలచి ఒక్కటి ఆయనకే వదిలారు. నచ్చని బిల్లును ఒకసారి తిప్పి పంపవచ్చు. అదే బిల్లు రెండోసారి వస్తే ఆ రోజే సంతకం పెట్టాలి. మేధావులు దీన్ని ప్రజాస్వామ్యానికి కంచుకోట అంటారు.

ఆ కోటలో నాది ముప్పై ఏళ్ల ఉద్యోగం. అధ్యక్షుడు సంతకం పెట్టగానే ఇంకు అలుక్కోకుండా దాని మీద అద్దుడు కాగితం ఒత్తాలి. మాట్లాడకూడదు. ఐదుగురి సంతకాలు ఆరబెట్టాను. మొదటాయన ప్రతి పేజీ చదివేవాడు. రెండో ఆయన పై పేజీ చదివేవాడు. మూడో ఆయన తేదీ చదివేవాడు. నాలుగో ఆయన ఏదీ చదవకుండా, చరిత్రలోకెల్లా చురుకైన అధ్యక్షుడని పేరు తెచ్చుకున్నాడు. ఆయన పేరు ఒక హైవేకు పెట్టారు.

ఐదో ఆయన హయాంలో ఆసుపత్రుల సంస్కరణ బిల్లు వచ్చింది. చిన్న ఆసుపత్రులన్నీ మూసి, ఊరవతల ఒక మహాభవనం కట్టాలి. మూయడం ముందు, కట్టడం తర్వాత. మా ఆవిడకు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేసేది మా వీధిలోని చిన్న ఆసుపత్రిలోనే.

"ఏమండీ, ఆయనతో ఒక్క మాట చెప్పకూడదూ?" అంది.

"నాకక్కడ మాట్లాడే అధికారం లేదే."

"ఆయనకుందా?"

"ఆయనకూ లేదు."

"మరి ఆ గదిలో ఇద్దరెందుకండీ? ఒకరు ఇంటికొస్తే బియ్యమైనా ఏరిపెడతారు."

మర్నాడు బిల్లు బల్ల మీదికి వచ్చింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి నోరు విప్పాను. "అయ్యా, మా వీధి ఆసుపత్రి మూస్తే మా ఆవిడ బతకదండి."

అధ్యక్షులవారు పెన్నుకు మూత పెట్టారు. బిల్లు తిప్పి పంపారు. టీవీలో కనిపించి, "నేను ఈ జాతి అంతరాత్మను. అంతరాత్మ ఎన్నడూ నిద్రపోదు!" అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. మా బావమరిది ఫోన్ చేసి, "బావా, ప్రభుత్వాన్నే ఆపేశావు గదా!" అన్నాడు. ఆ పూట మా ఆవిడ నాకు అడక్కుండానే మారు వడ్డించింది.

మంత్రివర్గం పునరాలోచించింది. టీ తాగడంతో కలిపి నాలుగు నిమిషాలు పట్టింది. అధ్యక్షులవారి ఆవేదనకు కృతజ్ఞతలు చెబుతూ ఒక వాక్యం చేర్చి, అదే బిల్లు పంపింది.

ఆయన సంతకం పెట్టారు. నేను ఒత్తాను.

"ఇంట్లో ఎలా ఉన్నారు?" అన్నారు.

"ఈ పూట వరకు బాగానే ఉందండి," అన్నాను.

మళ్లీ టీవీలో కనిపించి, "నా మనసు కంటే రాజ్యాంగం గొప్పది!" అన్నారు. మీరు మళ్లీ చప్పట్లు కొట్టారు. చేతులు అవే.

వీధి ఆసుపత్రికి తాళం పడింది. మిగిలిన పెద్దాసుపత్రిలో వరుసలో మా సంఖ్య నాలుగు వందల పన్నెండు. మా ఆవిడ పదకొండు రోజులు ఆగింది. అధ్యక్షుడి అధికారాల మీద పెద్దలు వాదించుకున్నది కూడా అన్ని రోజులే.

అధ్యక్షులవారి సంతాప లేఖ వచ్చింది. మంత్రివర్గం సలహా మేరకు తీవ్రంగా చింతిస్తున్నారట. కింద సంతకం చూశాను. ముప్పై ఏళ్ల అలవాటు. ఎక్కడా అలుక్కోలేదు. నేను సెలవులో ఉన్నాను, నా స్థానంలో ఎవరినీ వేయలేదు. ఇంకు దానంతటదే ఆరింది.

రాజీనామా చేశాను. ఆ ఉద్యోగానికి ప్రకటన వేస్తే పద్నాలుగు వేల దరఖాస్తులు వచ్చాయట. మొదటి అర్హత, కళ్లముందు ఏం జరిగినా నోరు మెదపకపోవడం. అందరూ అనుభవం ఉన్నవాళ్లేనని అధికారులు సంతోషించారు. మీ దరఖాస్తు కూడా అందులో ఉండే ఉంటుంది.

ఈ సంగతి నన్నింకెవరూ అడగొద్దు. మళ్లీ మాట్లాడను.